ఆలస్యానికి తగ్గ ప్యాకెట్టు

పిల్లలు లావెక్కిపోతున్నారని ఊరూవాడా గగ్గోలు పెడుతోంది. నన్నడిగితే ఈ మధ్యకాలంలో ఇంతకన్నా శుభవార్త లేదు!

ఎలాగంటారా? వెనకటి తల్లిదండ్రులు పిల్లలంటే ప్రాణమని నోటితో చెప్పుకునేవారు. నిజమో అబద్ధమో ఎవరు చూడొచ్చారు? ప్రేమను తూచడానికి ఒక కాటా ఉందా, చూడడానికి ఒక ముల్లుందా? ఇప్పుడా అనుమానమే లేదు. పిల్లను బరువు చూసే మిషన్ ఎక్కించండి. ముల్లు ఎంత దూరం పోతే అంత ప్రేమ! కొన్ని ఇళ్లలో ప్రేమ ఎక్కువై మిషనే మొరాయిస్తోంది.

సన్నగా, చురుగ్గా ఉండే పిల్లల్ని కన్నవాళ్లు తలదించుకోవాలి. వాళ్ల పిల్లలు సాయంత్రమైతే వీధిలో పరుగులు తీస్తారట. చీకటి పడేసరికి ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని అన్నం తింటారట! అంటే ఆ పెద్దవాళ్లకు పనీపాటా లేదన్నమాట. పాపం, ఏ ఆఫీసూ వాళ్లను పిలవడం లేదు కాబోలు.

బళ్లు ఎంత బాగుపడ్డాయో చూడండి. ఆటస్థలం ఉంటే పిల్లలు పడతారు, మోకాళ్లు చెక్కుకుపోతాయి, తల్లులు తగవుకొస్తారు. అందుకని మా వీధిలోని బడివారు ఆటస్థలాన్ని మాస్టర్ల స్కూటర్లకు అప్పగించి, మిగిలిన మూలన కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెట్టించారు. ఆ ఫ్రిజ్ ఇచ్చిన కంపెనీవారే ఏటా ఆటల పోటీలు కూడా జరిపిస్తారు. పరుగుపందెంలో నెగ్గినవాడికి రెండు సీసాలు, ఓడినవాడికి ఓదార్పుగా ఒకటి, అసలు పరిగెత్తకుండా చూస్తూ కూర్చున్నవాడికి ఎండకు దాహమేస్తుందని ఇంకొకటి! ఇంతటి సమానత్వం ఇంకెక్కడైనా ఉందా?

ప్యాకెట్ల వినయం మాత్రం తక్కువా? ముందువైపు ‘ఆరోగ్యం’, ‘సహజం’, ‘ఎదిగే పిల్లల కోసం’ అని బండరాళ్లంత అక్షరాలు. వెనకవైపు లోపల ఏమేం ఉన్నాయో చీమలంత అక్షరాలు. గొప్పను పైకి చాటి, తప్పును గొణగడం మనుషుల దగ్గరే నేర్చుకున్నాయి పాపం.

ఇదంతా గాలి కబురనుకునేరు! మా మేడలో మూడో అంతస్తులో ఒక కుటుంబం ఉంది. వాళ్ల సంగతి వింటే మీరే నాతో ఏకీభవిస్తారు.

ఆ ఇంటాయన బస్సుల డిపోలో కంట్రోలరు. ఊళ్లో బస్సులన్నీ టైముకు కదలాలంటే ఆయన ఈల ఊదాల్సిందే. డ్రైవరు రాకపోతే ఇంకొకణ్ని వెతికి ఎక్కించాలి, బ్రేకు పట్టకపోతే వేరే బండి తెప్పించాలి. ఆయన డ్యూటీ దిగే వేళకు రిలీఫ్ మనిషి రావాలి. రాకపోతే కుర్చీ ఖాళీగా వదిలి కదలడానికి లేదు. ఆ రిలీఫ్ మనిషి కడుపు నెలకు సగం రోజులు నొప్పెడుతూ ఉంటుంది. అందుచేత బస్సులన్నిటినీ టైముకు పంపించే ఈ మహానుభావుడు తాను మాత్రం ఏనాడూ టైముకు ఇల్లు చేరి ఎరగడు.

ఆయన భార్య బడి యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టరు. ఇంట్లో ఆయన తల్లి కూడా ఉంది. ఈ ముగ్గురికీ కలిపి ఒకే ఒక్క పిల్ల. పురిట్లో చూడ్డానికొచ్చిన మేనత్త చెంప నిమిరి, “అబ్బ, దిండులా ఎంత మెత్తగా ఉందే!” అన్నది. అప్పట్నుంచీ ఆ పిల్ల పేరు దిండు. ముద్దుకు పెట్టిన ఆ పేరు ఎనిమిదో క్లాసుకు వచ్చేసరికి బళ్లో పిల్లల నోట పడి, ముద్దు కాస్తా వెళ్లిపోయి పేరొక్కటీ మిగిలింది.

కంట్రోలరుగారికి కూతురంటే పంచప్రాణాలు. ఆలస్యంగా ఇల్లు చేరిన ప్రతిసారీ గుమ్మంలో ఆ మొహం చూడలేకపోయేవాడు. అందుకని ఒక పద్ధతి కనిపెట్టాడు. ఆలస్యానికి తగ్గ ప్యాకెట్టు!

ఒక బస్సంత ఆలస్యమైతే చాక్లెట్టు. రెండు బస్సులంత అయితే చిప్స్. రిలీఫ్ మనిషి బొత్తిగా ఎగ్గొడితే క్రీమ్ బన్ను. ఆ పైన ఇంట్లో ఇచ్చిన మాట కూడా తప్పితే అట్టపెట్టెలో కేకు. కేకు పెట్టెతో తండ్రి గేటు దాటి వస్తున్నాడంటే, ఇవాళ గట్టి తప్పే చేశాడని దిండుకు కిటికీలోంచే అర్థమైపోయేది.

ఫోను మోగేది.

“అమ్మలూ, కాస్త లేటవుతుందే.”

“చిప్స్ లేటా, బన్ను లేటా నాన్నా?”

“బన్ను... కాదు కాదు, చిప్స్‌తో వచ్చేస్తాలే.”

చూశారా? ప్రశ్న లేదు, ఏడుపు లేదు, అలక లేదు. ఎంత నాగరికమైన సంసారం!

గుమ్మంలో అడుగుపెడుతూనే ఆయన ప్యాకెట్టు చేతికిచ్చేవాడు. పిల్ల నోరు కరకరలాడడం మొదలుపెట్టేది. ఆయన గుండె కుదుటపడేది. ఆ తర్వాత ఆయన సోఫాలో, పిల్ల టీవీ ముందు, తల్లి వంటింట్లో, నానమ్మ మంచం మీద. ఎవరి పళ్లెం వాళ్లది, ఎవరి గోడ వాళ్లది.

మరి పిల్ల లావెక్కడం ఎవరికీ కనపడలేదా అంటారేమో. అక్కడే ఎలాస్టిక్ కనిపెట్టినవాడికి చేతులెత్తి మొక్కాలి! తల్లి కటింగ్ మాస్టరాయె. నడుము దగ్గర బిగిసినప్పుడల్లా కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డ బయటికి తీసి కుట్టేది. ఇక వదలడానికి గుడ్డ మిగలనప్పుడు నడుముకు ఎలాస్టిక్ వేసేసింది. ఎలాస్టిక్ ఎవరికీ చాడీలు చెప్పదు. ఊరందరి పిల్లల కొలతలు నోటికి చెప్పగల ఆమె టేపు సొంత కూతురి నడుము దాకా వెళ్లడం మానేసింది.

ఈ సుఖమంతా పాడు చేసింది లిఫ్టు. ఒకరోజు అది చెడిపోయింది. దిండు మెట్లెక్కుతూ రెండో అంతస్తులో ఆగి, షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు చెప్పులు వేసుకుని కూడా లేసు కట్టుకుంటూ కూర్చుంది. వెనకే వస్తున్న తల్లి కూతురి మెడ మీద చెమటా, ఎగిరెగిరి పడుతున్న వీపూ చూసి సంచీ అక్కడే వదిలేసి పక్కన కూలబడింది.

“ఏమయిందే?”

“ఏం లేదమ్మా, నువ్వు పద. నేనొస్తా.”

“ఎన్నాళ్లయి ఇలా ఉందే?”

“లిఫ్టు బాగున్నన్నాళ్లూ లేదుగా” అన్నది దిండు.

రక్తపరీక్షలయ్యాయి. డాక్టరమ్మ ముందు కుటుంబమంతా వరసగా కూర్చుంది. కంట్రోలరుగారు ఆ పూట సెలవు పెట్టాడు. ఆయన ఒళ్లో అప్పటికే ఒక బన్ను ఉంది. పిల్లకు సూది గుచ్చారు కదా మరి!

“షుగరు గీత దగ్గరికొచ్చి నిలబడింది” అన్నది డాక్టరమ్మ. “ఇంకాస్త జరిగితే గీత దాటుతుంది. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తాను. తగ్గకపోతే ఈ వయసులోనే మాత్రలు మొదలుపెట్టాలి.”

కంట్రోలరుగారు ఒళ్లోని బన్నును రుమాలు కింద దాచాడు. దిండు మాత్రం తన అరచేతి వంకే చూసుకుంటోంది.

నానమ్మ ఊరుకుంటుందా? “ఇదేం చోద్యమమ్మా! అది పెద్దవాళ్ల రోగం కదా, పసిపిల్లకేమిటి?”

“పెద్దవాళ్లు కొని పెట్టిందే రోజంతా తింటే పెద్దవాళ్ల రోగమే వస్తుంది మామ్మగారూ. చూడండి, తియ్యటి డ్రింకులు మానిపించండి. పండు పండులాగే తిననివ్వండి, డబ్బాలో రసం వద్దు. ప్యాకెట్లు తగ్గించండి. కాస్త ఆడుకోనివ్వండి, వేళకు పడుకోనివ్వండి. అలాగని పస్తులు పెట్టకండి. ఇంట్లో వండింది నలుగురూ కలిసి కూర్చుని తినండి. అంతే.”

అంతా శ్రద్ధగా తలూపారు. ఆఖరి మాట ఒక్కటీ ఎవరి చెవికీ ఎక్కలేదు. అది మందులా లేదు కదా!

ఆదివారం పొద్దున్నే ఇల్లంతా గాలించారు. అలమరలోని చిప్స్, ఫ్రిజ్‌లోని సీసాలు, టీవీ వెనకాల చాక్లెట్లు, అన్నీ గోనెసంచీలోకి పోయాయి. నానమ్మ దుప్పట్ల పెట్టె మీద చెయ్యి వేసి, “ఇందులో మా నాన్న నాటి కంబళి తప్ప ఏం లేదు” అన్నది. ఎవరూ తెరవలేదు. కంట్రోలరుగారు హాలు మధ్యలో నిలబడి డిపోలో ఆర్డరు వేసినట్టు ప్రకటించాడు.

“ఇవాళ్టి నుంచీ పిల్లకు చిరుతిండి బంద్. ఎవరైనా పెట్టారో, ఊరుకునేది లేదు!”

“ముందు మీరు ఊరుకోండి చాలు” అన్నది భార్య.

“ఒరేయ్, పిల్ల సగమైపోతుందిరా” అన్నది నానమ్మ.

“సగమవ్వాలనే కదమ్మా మన బాధ!”

ఆ ఇంటి మంచితనం అప్పుడు బయటపడింది. పిల్లను డైట్‌లో పెట్టినవాళ్లు మిగతా ఇద్దరే అని ముగ్గురూ ఎవరికి వాళ్లు నమ్మారు. పాపం, ఆ ఇద్దరూ కలిసి బిడ్డను మాడ్చేస్తున్నారు, కనిపెట్టుకుని ఉండాల్సింది నేనే కదా అని ముగ్గురూ అనుకున్నారు.

మధ్యాహ్నం బడి నుంచి రాగానే నానమ్మ తలుపు దగ్గరగా వేసి కంబళి ఎత్తేది. కంబళి కింద బిస్కెట్ల డబ్బా. “తిను తల్లీ, మీ అమ్మ చూడకముందే. ఇది చిరుతిండేమిటి, గోధుమపిండేగా!”

సాయంత్రం వర్క్‌షాపు నుంచి రాగానే తల్లి పాలు కలిపేది. అందులో పోషకాల పొడి. డబ్బా మీద ఒక పిల్లాడు కొండెక్కుతూ ఉంటాడు. ఒక చెంచా వెయ్యమని డబ్బా మీద ఉంటే, డైట్‌లో ఉన్న పిల్ల నీరసపడుతుందని రెండు వేసేది. “చాక్లెట్ రుచి ఉంటుందంతే. మందే అనుకో. నానమ్మకు చెప్పకు, దిష్టి పెడుతుంది.”

ఆ తర్వాత కంట్రోలరుగారు వచ్చేవాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి. చిప్స్ తేలేదు. డైట్ చిప్స్ తెచ్చాడు! క్రీమ్ బన్ను తేలేదు, గోధుమ బన్నులో క్రీమ్ తెచ్చాడు. డైట్‌వి కాబట్టి ఒకటి సరిపోదని రెండేసి తెచ్చాడు. పిల్లను మెట్ల మలుపులోకి పిలిచి చేతిలో పెట్టి, “ఇక్కడే తినేసి పైకి రా. మీ అమ్మ కళ్లు ఎక్స్‌రే కళ్లు” అనేవాడు.

దేశంలో ఏ పిల్లకైనా ఇంతమంది రహస్య స్నేహితులున్నారా?

మూడు నెలలు గడిచాయి. మళ్లీ రక్తపరీక్ష, మళ్లీ మిషన్. డాక్టరమ్మ కాగితం చూసింది, పిల్లను చూసింది, మళ్లీ కాగితం చూసింది. బరువు పెరిగింది. షుగరు గీత మీద ఒక కాలు పెట్టింది.

“డైట్ చేయించారా?”

“చేయించామండీ!” ముగ్గురూ ఒక్క గొంతుతో అన్నారు. అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అత్తయ్యా, మీరేమైనా పెడుతున్నారా?”

“నేనా! నా దగ్గరేముందే, పాత కంబళి తప్ప! నీ పాలగ్లాసు సంగతి చెప్పు ముందు.”

“అది మందు!”

“మందయితే గ్లాసు నాకుతుందేమే?”

“మీ ఇద్దరి వల్లే ఇదంతా” అన్నాడు కంట్రోలరుగారు. ఆ మాట అంటుండగా ఆయన చొక్కా జేబులోంచి డైట్ చిప్స్ ప్యాకెట్టు చప్పుడు చేసింది.

గదిలో ముగ్గురూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. దిండు లేచి నిలబడింది. ఆ పిల్ల ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఇప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. డాక్టరమ్మ వైపు తిరిగి మెల్లిగా మొదలుపెట్టింది.

“వాళ్లను తిట్టకండి డాక్టరుగారూ. నాకు ఆకలేసి తినట్లేదు. నానమ్మ ఇచ్చింది వద్దంటే, ముసలిదాని చేతి తిండి చేదయిందని గోడవైపు తిరిగి పడుకుంటుంది. అమ్మ ఇచ్చింది తాగకపోతే నిద్దరపోకుండా నా నుదురు పట్టుకుని చూస్తుంది. నాన్న తెచ్చింది తినకపోతే...”

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

“తినకపోతే?”

“లేటుగా వచ్చినందుకు నాకు కోపమొచ్చిందనుకుంటాడు.”

“కోపం లేదా మరి?”

“ఉంది” అన్నది దిండు. “నోటినిండా చిప్స్ ఉంటే ఎలా చెప్పేది?”

కంట్రోలరుగారు జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నానమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తల్లి చూపు కూతురి నడుము దగ్గరున్న ఎలాస్టిక్ మీద ఆగింది. ఇంట్లో అందరి సంతోషం కోసం తినీ తినీ ఆ పిల్ల ఆయాసపడుతోందన్న సంగతి ముగ్గురికీ ఒకేసారి తట్టింది.

డాక్టరమ్మ మందుల చీటీ రాయబోయి కలం పక్కన పెట్టింది. “ఇంకొక్క నెల చూస్తాను. అప్పటికీ తగ్గకపోతే మాత్రలే. ఈసారి డైట్ అమ్మాయికి కాదు. మీ ముగ్గురికీ. మీ నోళ్లకు కాదు, చేతులకు. ఇంట్లోకి వచ్చేటప్పుడు ఉత్త చేతులతో రండి.”

ఇంత కఠినమైన డైట్ ఏ వైద్యశాస్త్రంలోనూ ఉండదనుకుంటాను!

మర్నాడు రిలీఫ్ మనిషికి మళ్లీ కడుపునొప్పి వచ్చింది. కంట్రోలరుగారు డిపో బయటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. బేకరీ ముందు ఆయన కాళ్లు వాటంతటవే ఆగాయి. కొట్టువాడు అలవాటు కొద్దీ బన్ను చుట్టేస్తున్నాడు కూడా. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, నేరం చేసినవాడిలా దాటిపోయాడు.

గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. జేబుల్లో పెట్టాడు, తీశాడు, తలుపు రెక్క పట్టుకున్నాడు. పెళ్లినాడు కూడా ఆయన చేతులు అంత ఇబ్బంది పడి ఉండవు.

దిండు ఆ చేతుల కేసి చూసింది. “ఏం తేలేదా?”

“ఏం తేలేదమ్మా.”

“అయితే ఎందుకు లేటయిందో చెప్పు.”

“రిలీఫ్ వాడు రాలేదే.”

“మొన్నా అదే చెప్పావు. ఇవాళ ఫోనైనా చెయ్యొచ్చుగా?”

“చెయ్యొచ్చు” అని ఒప్పుకున్నాడు. నోట్లో పెట్టడానికేమీ లేకపోతే ఎంతటివాడైనా ఒప్పుకోక తప్పదు.

“వక్తృత్వ పోటీ రోజు కూడా చెయ్యలేదు. ముందు వరసలో నీ కోసం కుర్చీ పట్టి పెట్టాను. మధ్యలో రెండుసార్లు తలుపు వైపు చూసి మాట మర్చిపోయాను. వెనక బెంచీవాళ్లు దిండు, దిండు అని అరిచారు. ఇంటికొచ్చి చెబుదామనుకున్నా. నువ్వు కేకు తెచ్చావు.”

కంట్రోలరుగారు చెప్పులు విడవకుండానే గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. దిండు చెబుతూనే ఉంది. వెనక బెంచీలో ఎవరెవరు అరిచారో, ఏ మాట దగ్గర మర్చిపోయిందో, టీచరు ఏమన్నదో అన్నీ చెప్పింది. ఒకచోట ఏడ్చింది. ఆయన చెయ్యి అలవాటు చొప్పున జేబులోకి వెళ్లి, ఏమీ దొరక్క, తిరిగొచ్చి పిల్ల తల మీద ఆగింది. నానమ్మ తన గదిలో సగం లేచి, మళ్లీ కూర్చుంది. తల్లి పొయ్యి ఆర్పి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. అన్నం చల్లారిపోయింది. చల్లారిన అన్నమే నలుగురూ ఒకచోట కూర్చుని తిన్నారు. ఎవరూ టీవీ పెట్టలేదు. తింటూ కూడా ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది!

భయం వేస్తోందా పాఠకులారా? వెయ్యాల్సిందే. ఈ జాడ్యం మూడో అంతస్తు నుంచి కిందికి దిగితే మన గతేమిటి? ఇవాళ వక్తృత్వ పోటీ అంటారు. రేపు లెక్కలు అర్థం కావడం లేదంటారు, ఎల్లుండి నాకెవరూ స్నేహితులు లేరంటారు. అవన్నీ కూర్చుని వినేదెవరు? మనకు టైమెక్కడిది?

అందుకే ప్యాకెట్ల కంపెనీవారికి నా విన్నపం. అయ్యా, మీ మిషన్లు ఆపకండి. పిల్లలకు పోషకాలు ఉన్నా లేకపోయినా పరవాలేదు, నోరు తెరవకుండా ఉంటే చాలు. మీరు తయారుచేసేది వాళ్ల ఆకలి కోసం కాదని మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ఇక మీరు... ఈ సాయంత్రం ఆలస్యమైతే కంగారు పడకండి. దారిలో కొట్లన్నీ తెరిచే ఉంటాయి. మీ అమ్మాయి మీతో మాట్లాడాలని ఇంకా ఎన్నేళ్లు అనుకుంటుందో మాత్రం నేను చెప్పలేను.